కడలి దారము – కడలి వస్త్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



నూలన నేమి, వస్త్రమన నేమి యని పొందూరు వాసులకు ఒకరు బోధింప నక్కరలేదు. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, గింజ వేరుచేసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, నూరవ నంబరు నూలు వడకిన చేతులు ఈ గ్రామమున గలవు. దారమును జూచి అది యెట్టి బట్ట కాగలదో చెప్పగల వృద్ధురాండ్రును, బట్ట నంటి చూచి అందలి దారపు సన్నదనము నెంచగల నేతగాండ్రును ఇచట గలరు. దారము వేరొక జాతి, వస్త్రము వేరొక జాతి యని యెవరైన ననినచో ఇచటి పసిబాలుడు సైతము నవ్వును.

అయినను సముద్రమున ఒక మొక్క గలదు. అది ఒక దశలో పలుచని వస్త్రమువలె నుండును. మరియొక దశలో సన్నని దారమువలె నుండును. ఈ రెండును ఒక్కటే యని యెరుగక పండితులు ఆ దారమునకొక పేరును, ఆ వస్త్రమునకొక పేరును పెట్టి, యాభై యేడు సంవత్సరములు వానిని వేరువేరు మొక్కలుగనే లెక్కించిరి. ఆ కుటుంబమునకు జెందిన మొక్క యొకటి మనకు చేరువనే, విశాఖపట్టణపు రాళ్లపై పెరుగుచున్నది. దాని జీవితమును, నివాసమును, దానివలన తేలిన సత్యమును వివరించుటయే ఈ ప్రసంగ విషయము.

నాచు అనగానే మనకు కోనేటి మెట్లు, చెరువు గట్లు తోచును. కావ్యములలో సైతము శైవలము కొలనికే అలంకారముగ కనబడును గాని కడలికి కాదు. కాని సముద్రపు నాచుల సంపద అపారము. వానిని శాస్త్రజ్ఞులు రంగును బట్టి ఆకుపచ్చ నాచులు, గోధుమరంగు నాచులు, ఎర్ర నాచులు అని మూడు తెగలుగ విభజించిరి. వీనికి నేలమొక్కలవలె వేళ్లు లేవు, పూవులు లేవు, విత్తనములు లేవు. రాతిని పట్టుకొనుటకు పట్టువంటి చిన్న పాదము మాత్రముండును. ఆహారమును అది వేరుతో పీల్చదు. దేహమంతటితోను నీటినుండియే గ్రహించును. ఎర్ర నాచులలో సుమారు 7,000 జాతులు ఇంతవరకు తెలిసినవి. వానిలో మిక్కిలి భాగము సముద్రవాసులే.

ఈ ఎరుపునకు కారణమేమి? ప్రతి పచ్చని మొక్కయందు నుండు పత్రహరితము వీనియందును గలదు. దానితో పాటు ఫైకోఎరిత్రిన్ అను ఎర్రని పదార్థము అధికముగ నుండి పచ్చదనమును కప్పివేయును. ఇది అలంకారము కొరకు ఏర్పడినది కాదు. సూర్యకాంతి నీటిలోనికి దిగిన కొలది అందలి ఎరుపు కిరణములు పైభాగముననే యింకిపోవును. ఆకుపచ్చ, నీలి కిరణములు మాత్రమే లోతునకు చేరును. ఆ మిగిలిన వెలుగును పట్టి ఆహారము వండుకొనుటకు ఈ ఎర్రని పదార్థము తోడ్పడును. 1984లో బహామా దీవుల సమీపమున 268 మీటర్ల లోతున రాతిపై పొరవలె పెరుగుచున్న ఎర్ర నాచును శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పైనున్న వెలుగులో వేయింట ఒక వంతు సైతము చేరని ఆ చీకటిలోకూడ అది జీవించుచుండెను.

వీని వంశము ఎంత ప్రాచీనమో తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. శ్రీరాముడు వనవాసకాలమున నివసించెనని రామాయణము చెప్పు చిత్రకూట ప్రాంతమునందలి శిలలను స్వీడను దేశపు స్టెఫాన్ బెంగ్ట్‌సన్ మొదలగువారు పరీక్షించి, వానిలో 160 కోట్ల సంవత్సరముల నాటి సూక్ష్మ శిలాజములను చూచి, అవి ఎర్ర నాచులవలె నున్నవని 2017లో ప్రకటించిరి. వానిలో ఒకదానికి రామథాలస్ అని పేరిడిరి. ఆ నిర్ణయము స్థిరపడినచో, భూమిపై చెట్టుగాని, చేపగాని, పురుగుగాని పుట్టక మునుపే ఈ వంశమున్నదని చెప్పవలెను.

ఇక మన తీరమునకు వత్తము. శ్రీకాకుళము జిల్లా కడలి యొడ్డు మిక్కిలి భాగము ఇసుకమయము. ఇసుకపై నాచు నిలువదు. ప్రతి అలకు కదలెడు నేలపై ఎవరు ఇల్లు కట్టగలరు? దక్షిణముగ పోయి భీమునిపట్టణము, ఋషికొండ, విశాఖపట్టణము చేరునప్పటికి తూర్పు కనుమల రాళ్లు సముద్రమున అడుగిడును. ఆ రాళ్లే నాచులకు నేల. అచట పున్నమ, అమావాస్యల నాటి పోటునకు, ఆటునకు నడుమ నీటిమట్టపు భేదము సుమారు ఒకటిన్నర మీటరు. ఆ ఒకటిన్నర మీటరులోనే నాచులు ఊరిలోని వీధులవలె వరుసలు తీర్చి నివసించును. ఎల్లప్పుడు తడిసియుండు క్రింది వరుస కొన్నిటిది. దినమునకు కొన్ని గడియలు మాత్రమే ఎండ తగులు నడిమి వరుస మరికొన్నిటిది. రాతికంటుకొను చిన్న గుల్లలతో కలిసి, అలల తుంపురులపైనను పోటు నీటిపైనను ఆధారపడి బ్రతుకు పై వరుస మిక్కిలి ఓర్పు గలవానిది.

ఆ పై వరుసలో నుండునదే ఈ ప్రసంగమునకు నాయిక. దానికి శాస్త్రజ్ఞులు పోర్ఫిరా వియత్నామెన్సిస్ అని పేరు పెట్టిరి. పోర్ఫిరా యనగా గ్రీకు భాషలో ఊదారంగు. వియత్నాము తీరమున దొరికిన మొక్కలను బట్టి తనాకా, ఫామ్ హోయాంగ్ హో అను ఇరువురు 1962లో దానిని లోకమునకు తెలిపిరి. మరుసటి సంవత్సరమే, అనగా 1963లో, వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు జెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు గారలు, అదే మొక్క విశాఖ రాళ్లపై ఏ మట్టమున నుండునో, ఎట్లు పెరుగునో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించిరి. 1964లో వారే విశాఖ తీరపు నాచుల నివాసక్రమమును గూర్చి విపులమైన వ్యాసము వ్రాసిరి. తెలుగువారి తీరమును తెలుగు పండితులే రాయి రాయిగ పరిశీలించి, ఆంగ్ల దేశపు పత్రికలో అచ్చువేయించిన పని అది. పిమ్మట శాస్త్రజ్ఞులు వంశవృక్షమును సవరించి ఈ మొక్కను 2011లో పైరోపియా యనియు, 2020లో ఫైకోకాలిడియా యనియు పిలిచిరి. ఇంటిపేరు రెండుమార్లు మారినను మనిషి మారనట్లు, ఆ మొక్క మాత్రము ఆ రాతిపైననే యున్నది. తీరవాసులకు అది నాచే, పాచియే.

దాని రూపమెట్టిది? కొన్ని అంగుళముల పొడవు గల ఊదా రంగు రేకు. మందము ఒకే ఒక కణము. వేలితో ఎత్తి వెలుగునకు పట్టినచో ఆవలి వస్తువు కనబడును. అంచున సూక్ష్మదర్శినికి మాత్రమే గోచరించు రంపపు పళ్లు గలవు. ఇంత పలుచని వస్త్రము, అలలు కొట్టెడు చోట, వేసవి యెండ తగులు రాతిపై ఎట్లు నిలుచుచున్నది? అదియే దాని తపస్సు. ఆటు సమయమున నీరు తగ్గగా ఈ కుటుంబపు నాచులు తమ దేహమందలి నీటిలో నూటికి తొంబది పాళ్లవరకు పోగొట్టుకొని, రాతికంటిన ఎండుకాగితమువలె అగును. త్రొక్కిన పెళపెళలాడును. చచ్చినదని తలచి వెడలినవాడు పోటు వచ్చిన పిమ్మట తిరిగి చూచినచో, అది తడిసి, సాగి, అలలలో ఊగుచుండును. నేలమొక్కలలో ఇట్టి సహనము గలవి మిక్కిలి అరుదు.

కాని ఈ రేకు సంవత్సరమంతయు కనబడదు. పడమటి తీరమున కొంకణ, గోవా రాళ్లపై వర్షఋతువున కనబడి, వర్షములు వెనుకంజ వేయగనే మాయమగును. తూర్పు తీరమున సైతము దానికి ఋతుకాలమొకటి గలదు. ఆ కాలము దాటిన పిమ్మట రాయి బట్టతలవలె నుండును. మరుసటి సంవత్సరము మరల మొలచును. విత్తనము లేదు, దుంప లేదు, వేరు లేదు. అట్లయిన నడిమి మాసములలో అది యెచటికి పోవుచున్నది? ఎచటనుండి వచ్చుచున్నది?

ఈ ప్రశ్న మనకు వినోదమే కావచ్చును; జపాను దేశీయులకు మాత్రమది అన్నము ప్రశ్న. అచట ఈ కుటుంబపు నాచును నోరి యందురు. ఎండబెట్టి కాగితమువలె చేసి అన్నమును చుట్టుకొని తిందురు. అందు మాంసకృత్తులు ఎండు బరువులో పాతిక పాళ్లకు తక్కువ గాకుండ నుండును. అది యెంత విలువగలదన, 702వ సంవత్సరమున అమలునకు వచ్చిన తైహో శాసనమున పన్నుగ చెల్లింపదగిన వస్తువులలో నోరి యొకటి.  జపాను జాలరులు నిస్సారమైన తీరములందు వెదురు కొమ్మలు నాటి, తరువాత వలలు కట్టి, దానిపై నాచు మొలచునని యెదురుచూచెడివారు. మొలచిన పంట, మొలవకున్న పస్తు. విత్తు ఎచటనుండి వచ్చునో ఎవరికిని తెలియదు. కనుకనే దానిని జూదరి గడ్డి యనిరి. రెండవ ప్రపంచ యుద్ధానంతర వత్సరములలో ఆ పంట ఘోరముగ దెబ్బతిని జాలరి కుటుంబములు దిక్కు తోచక నుండెను.

ఆ చిక్కు విప్పినది జపాను వారు కారు. వేలకొలది మైళ్ల దూరమున, ఇంగ్లండులో, క్యాథలీన్ డ్రూ అను విదుషి. ఆమె 1901లో జన్మించి, మాంచెస్టరు విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రము బోధించెను. 1928లో వివాహమాడగా, వివాహితలను కొలువున నుంచరాదను నాటి నియమమువలన ఆమె ఉద్యోగము పోయినది. ఆమె శాస్త్రమును విడువలేదు. జీతము లేకయే పరిశోధన సాగించెను. ఇంగ్లండు, వేల్సు తీరములందు దొరకు పోర్ఫిరాను తెచ్చి గాజుపాత్రలలో పెంచుచు, అందు ఆలిచిప్పలను ఉంచెను. రేకునుండి రాలిన సిద్ధబీజములు ఆ చిప్పలను తొలిచి లోనికి చొచ్చి, గులాబి రంగు దారములై అల్లుకొనెను. ఆ దారములను పండితులు మునుపే యెరుగుదురు. 1892లో బాటర్స్ అను నాతడు వానిని స్వతంత్రమైన మొక్కగ నెంచి, కాంకోసెలిస్ రోజియా యని నామకరణము చేసి యుండెను. ఆ కాంకోసెలిస్ వేరు మొక్క కాదనియు, అది పోర్ఫిరా జీవితములోని మరియొక దశయే యనియు డ్రూ గారు 1949లో నేచర్ పత్రికలో, రెండు పుటలకు మించని చిన్న వ్యాసమున ప్రకటించిరి.

భూమి లెక్కలు తెలిసినవారికి ఇందలి మర్మము సులువుగ బోధపడును. ఒకే రైతు పేర, ఇంటిపేరొకచోట పూర్తిగను మరియొకచోట పొడి అక్షరములతోను వ్రాయబడి, రెండు పట్టాలున్నచో, లెక్క చూచువానికి ఇద్దరు రైతులున్నట్లు తోచును. ఒకనికి మెట్ట, ఒకనికి పల్లము. ఒకడు వేసవిలో సేద్యము చేయడు, మరియొకడు వానకాలమున కనబడడు. ఊరిలోనికి పోయి విచారించిన గాని ఇద్దరును ఒకడే యని తేలదు. డ్రూ గారు చేసినది ఆ విచారణయే. రాతిపై నివసించు ఊదా రేకు, ఆలిచిప్పలో దాగిన గులాబి దారము – ఈ రెండు ఖాతాలును ఒకే ప్రాణివి.

ఆ ప్రాణి జీవితచక్రమును ఇప్పుడు క్రమముగ చెప్పుదము. రేకు అంచులందు పురుష బీజకణములు, స్త్రీ బీజకణములు ఏర్పడును. ఎర్ర నాచులందు పురుష కణములకు ఈదుటకు తోకలు లేవు. ఈ తెగకంతటికిని అది లక్షణము. నీరు ఎటు త్రోసిన అటు పోవలసినదే. మరియొక ఎర్ర నాచు విషయమున, చిన్న సముద్ర కీటకములవంటి జీవులు ఈ కణములను తమ దేహమున అంటించుకొని, పూవులయందు తుమ్మెదలవలె మోసికొనిపోవునని 2022లో ఫ్రాన్సు దేశమున పరిశోధకులు కనుగొనిరి. పోర్ఫిరాకు అలలే దూతికలు. రెండు కణములు కలసినపిమ్మట సిద్ధబీజములు పుట్టి, క్రిందికి దిగి, చిప్పలను సున్నపు పదార్థములను తొలిచి దారములగును. ఆ దారము చిప్పలోని చీకటిలో, ఎండకు, అలకు అందకుండ, దీర్ఘకాలము బ్రతుకగలదు. తగిన ఋతువున, నీటి వేడిమియు పగటి నిడివియు మారగనే, దారమునుండి వేరొకరకపు సిద్ధబీజములు వెలువడి పైకి తేలి, రాతినంటి రేకులుగ పెరుగును. వడుకువారికి రుచించు వింత యొకటి ఇందు గలదు: వంశలక్షణములను మోయు క్రోమోసోములు రేకునందు ఒక వరుసగను, దారమునందు రెండు వరుసలుగను ఉండును. అనగా కడలి వస్త్రము ఒంటిపేటది. కడలి దారమే రెండుపేటలది!

డ్రూ గారి వ్యాసము జపానుకు చేరినది. క్యూషూ విశ్వవిద్యాలయపు సొకిచి సెగావా మొదలగు శాస్త్రజ్ఞులు తమ నోరికిని అదే జీవితచక్రము గలదని నిర్ధారించిరి. పిమ్మట జాలరులు తొట్లలో ఆలిచిప్పలు పేర్చి, వానియందు దారములను పెంచి, ఋతువు రాగానే వలలను ఆ నీట ముంచి, విత్తిన వలలను సముద్రమున కట్టుట నేర్చుకొనిరి. జూదరి గడ్డి నిశ్చయమైన పైరయ్యెను. డ్రూ గారు 1957లో స్వర్గస్థులైరి. జపానును ఆమె ఎన్నడును చూచి యుండలేదు. 1963లో ఉతో పట్టణమున, సముద్రమునకు అభిముఖముగ, ఆమెకు స్మారక శిల నెలకొల్పిరి. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన అచటివారు ఆమెను సంస్మరింతురు.

దీనివలన మన తీరమునకు కలుగు బోధ యేమి? ఎర్ర నాచులవలన బ్రతుకువారు మన దేశమునను గలరు. వంటయింట చైనాగ్రాస్ అనబడు పదార్థము ఎర్ర నాచులనుండియే వచ్చును. 1881–82 ప్రాంతమున రాబర్ట్ కోహ్ పరిశోధనాలయమున సూక్ష్మక్రిములను పెంచుటకు అది పనికివచ్చునని సూచించిన గృహిణి ఫానీ హెస్సే. నేటికిని రోగనిర్ణయశాలలందు ఆ పదార్థమే వాడబడుచున్నది. రామేశ్వరము వైపు తీరమున ఎందరో స్త్రీలు మునిగి నాచు సేకరించి కుటుంబములను పోషించిరి. అచటనే మరియొక పాఠమును గలదు. పరదేశమునుండి తెచ్చి సాగు చేసిన కప్పాఫైకస్ అను ఎర్ర నాచు వలలు దాటి కురుసడై దీవి పగడపు దిబ్బలపైకి ప్రాకి వానిని కప్పివేయుచున్నదని 2008లో శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. ఏ మొక్కయైనను దాని జీవితమంతయు ఎరుగక పెంచుట ప్రమాదకరము.

కాపాడుటకును అదియే సూత్రము. రాతిపై రేకు కనబడు మాసములలో మాత్రమే ఆ మొక్క ఉన్నదని తలచి, మిగిలిన మాసములలో ఆ తీరమును వట్టి రాయిగ నెంచినచో పొరపాటు. పట్టణపు మురుగు వదలుట, రాళ్లపై కట్టడములు వేయుట, ఒడ్డున ఇసుక నడకను అడ్డగించుట – ఇవి రేకు లేని కాలమున జరిగినను దాని ఇంటిని పాడుచేయును. అట్లే నీటి అడుగున పడియున్న పాత చిప్ప సున్నపు బట్టీకి తప్ప దేనికిని కొరగాదని మనము తలతుము. కాని ఆ చిప్పయే వచ్చెడి సంవత్సరపు విత్తుల గాదె కావచ్చును. గాదెను చెరిపి, పొలమునకు కావలి పెట్టి ప్రయోజనమేమి? రాయి దాని మెట్ట, చిప్ప దాని పల్లము. రెండును నిలిచిననే రైతు నిలుచును.

సభాసదులారా! డ్రూ గారు ఆ వ్యాసమును వ్రాయునపుడు ఏ జాలరిని ఎరుగరు. ఏ ధనమును ఆశింపలేదు. ఒక చిప్పలోని దారమేమిటో తెలిసికొన గోరిరి. తెలిసిన దానిని అచ్చువేసిరి. ఆ కాగితము ఏదో గ్రంథాలయమున ఒక బల్లపై నుండెను. దాని అవసరము గలవాడు దానిని తెరచినాడు. ఉమామహేశ్వరరావు, శ్రీరాములు గారల వ్యాసములును అట్లే ఏదో అలమారయందు, రేపటి యొక ఉత్తరాంధ్ర యువకునికొరకు, యువతికొరకు వేచియున్నవి. గ్రంథాలయమును చిప్పతో పోల్చుట అపచారము కాదనుకొందము. చూచువారికి పాతది, నిశ్చలమైనది, చీకటిది. కాని దానిలో సన్నని దారమొకటి సజీవముగ నుండి, ఋతువు వచ్చినపుడు బయటికి వచ్చి రాతిపై వస్త్రమై పరచుకొనును. పాతికేండ్లుగ ఈ గ్రామము తన చందాలతో అట్టి చిప్ప నొకదానిని పదిలపరచినది.

విశాఖకు పోవు పొందూరువాసులకు మనవి యొక్కటే. ఆటు సమయమున ఆ రాళ్ల చెంత ఒక్క గడియ నిలువుడు. ఊదా రంగు ఎండుకాగితమువంటి దేదైన కనబడినచో గోటితో గీకకుడు. అది చచ్చిన పాచి కాదు. పోటుకొరకు వేచియున్న ప్రాణి. రాయి ఖాళీగ నున్నను మీ పిల్లలకు చెప్పుడు: వస్త్రము లేని వేళ దారము ఎచటనో అడుగున నున్నదని.

స్వస్తి.